కుశీలవుడూ భిక్షువూ: ప్రాచీన భారత నగర నియమాల్లో సంచార ప్రదర్శకులు

కౌటిలీయ అర్థశాస్త్రం రెండవ అధికరణంలో, గణికాధ్యక్షుని విధులను వివరించే అధ్యాయం చివర, ఒక చిన్న సూత్రం ఉంది. బయటి నుంచి వచ్చిన వాద్యబృందం ప్రదర్శన ఇవ్వదలిస్తే 5 పణాలు ‘ప్రేక్షావేతనం’గా చెల్లించాలన్నది దాని సారాంశం. ఈ నియమం ఎవరికి వర్తిస్తుందో దాని ముందున్న సూత్రం చెబుతుంది. నటులు, నర్తకులు, గాయకులు, వాదకులు, మాటకారితనంతో బతికే వాగ్జీవనులు, కుశీలవులు, తాళ్ల మీద ఆడే ప్లవకులు, వింతలు చూపే సౌభికులు, ఊరూరా తిరిగే చారణులు అందరూ ఆ జాబితాలో ఉన్నారు. ఊరు కాని ఊరిలో ఆట ఆడి పొట్ట పోసుకునేవారికి రాజ్యం విధించిన రుసుముకు మనకు దొరుకుతున్న తొలి లిఖిత సాక్ష్యాల్లో ఇది ఒకటి.

ఈ సూత్రాన్ని ఆర్థిక చరిత్రకారులు పన్నుల చర్చలోనూ, నాట్యచరిత్రకారులు రంగస్థల చర్చలోనూ ఉదాహరిస్తూ వచ్చారు. బౌద్ధ అధ్యయనాలకు దీనితో ఉన్న సంబంధం మీద అంతగా దృష్టి పడలేదు. అయితే అర్థశాస్త్రంలోనూ, ధర్మశాస్త్రాల్లోనూ సంచార ప్రదర్శకుని గురించిన నియమాలను వరుసగా చదివితే, అతని పక్కనే దాదాపు ప్రతిచోటా మరొక వ్యక్తి నిలబడి కనిపిస్తాడు. అతడే భిక్షువు. ఈ సహవాసం కాకతాళీయం కాదని, వినయపిటకంలో ప్రదర్శనల గురించి ఉన్న నిషేధాలను అర్థం చేసుకోవడానికి ఇది ఒక దారి చూపుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఆధారాల స్వభావం

1909లో ఆర్. శామశాస్త్రి ప్రచురించిన నాటి నుంచి అర్థశాస్త్ర కాలనిర్ణయం వివాదాస్పదంగానే ఉంది. దానిని మౌర్యకాలపు రచనగా భావించే సంప్రదాయం ఒకటి. అది ఒకే రచయిత కృతి కాదని 1971లో థామస్ ట్రాట్‌మన్ వాదించాడు. క్రీస్తు శకానికి అటూ ఇటూ ఉన్న శతాబ్దాల్లో అది రూపుదిద్దుకుందని పాట్రిక్ ఒలివెల్ అభిప్రాయం. కాబట్టి దీనిలోని నియమాలను చంద్రగుప్తుని పాటలీపుత్రంలో నిత్యం అమలైన చట్టాలుగా చదవడం సరికాదు. రాజ్యం తన నగరం ఎలా ఉండాలని కోరుకుందో, ఎవరిని చూసి ఉలిక్కిపడిందో తెలిపే పత్రంగా చదవడం మేలు. ఆ పరిమితిలో దాని సాక్ష్యం విలువైనది.

పాలి వాఙ్మయానికీ ఇలాంటి పరిమితి ఉంది. సుత్తాలు, వినయ నియమాలు ఒక పొర. వాటికి క్రీ.శ. 5వ శతాబ్ది ప్రాంతంలో స్థిరరూపం పొందిన అట్ఠకథలు మరొక పొర. ఈ రెండింటినీ కలగాపులగం చేయకూడదు.

నగరద్వారం నుంచి రంగభూమి దాకా

అర్థశాస్త్రం చిత్రించిన రాజ్యంలోకి ఒక ఆటగాళ్ల బృందం ప్రవేశించిందనుకుందాం. జనపదంలోకి రావాలన్నా, బయటికి పోవాలన్నా ముద్రాధ్యక్షుని నుంచి ముద్ర పొందాలి. దాని వెల ఒక మాషకం. ముద్ర లేకుండా తిరిగే జానపదునికి 12 పణాల జరిమానా. నగరం చేరాక బస దొరకడం అంత తేలిక కాదు. ధర్మసత్రాల నిర్వాహకులు పాషండులకు, బాటసారులకు చోటివ్వాలంటే ముందుగా అధికారులకు తెలియజేయాలి. పాషండులన్న మాట వేదబాహ్యులైన శ్రమణ సంప్రదాయాల వారికి వాడినది. అంటే పరదేశి యాత్రికుడూ శ్రమణుడూ ఒకే పట్టికలోకి ఎక్కుతున్నారు.

రాత్రి నిర్ణీత వేళ తూర్యం మోగిన తరువాత వీధిలో తిరగడం నేరం. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ప్రసూతి, వైద్యం, శవసంస్కారం, అగ్నిప్రమాదం వంటి అత్యవసరాలతో పాటు ‘ప్రేక్ష’, అంటే ఆట చూడడం, ఆ మినహాయింపుల్లో చేరింది. నగరపాలకుడైన నాగరికుడు ఆటలను అణచివేయలేదు. ప్రేక్షకునికి చీకటిలో దారి ఇచ్చాడు. కాని ఆ వెంటనే వచ్చే సూత్రం మరొక సంగతి చెబుతుంది. జనం స్వేచ్ఛగా తిరగడానికి అనుమతి ఉన్న రాత్రుల్లో సైతం, వేషం దాచుకున్నవారిని, వేషం మార్చుకున్నవారిని, ప్రవ్రజితులను, కర్రలూ ఆయుధాలూ పట్టుకున్నవారిని వారి దోషాన్ని బట్టి దండించాలి. వేషగాడూ సన్యాసీ మళ్లీ ఒకేచోట నిలిచారు.

కుశీలవులకు ప్రత్యేకించిన నియమాలు నాలుగవ అధికరణం మొదటి అధ్యాయంలో ఉన్నాయి. వర్షాకాలంలో వారు ఒకేచోట నివసించాలి. మితిమీరిన ఇష్టదానాలకు, ఒక్క వ్యక్తిని పట్టుకొని చేసే అతివాదానికి దూరంగా ఉండాలి. తప్పితే 12 పణాల దండన. అయితే దేశాచారాలను, జాతులను, గోత్రాలను, చరణాలను, స్త్రీపురుషుల వ్యవహారాలను పరిహసించి నవ్వించే స్వేచ్ఛ వారికి ఉంది. సమూహాలను వెక్కిరించవచ్చు, ఒక వ్యక్తిని మాత్రం లక్ష్యం చేసుకోరాదు. వీధి ప్రదర్శన నాడి తెలిసినవాడు మాత్రమే ఇంత సూక్ష్మంగా గీత గీయగలడు.

దాని తరువాతి సూత్రం ఈ చర్చకు కీలకం. కుశీలవులకు చెప్పినదే చారణులకు, భిక్షుకులకు వర్తిస్తుందని అది నిర్దేశిస్తుంది. విధించిన జరిమానా ఎన్ని పణాలో అన్ని కొరడాదెబ్బలుగా శిక్షను లెక్కకట్టే మాట కూడా అక్కడే ఉంది. అధ్యాయాంత శ్లోకం వర్తకులు, చేతిపనివారు, కుశీలవులు, భిక్షుకులు, గారడీవాళ్లు దొంగలని పేరు పడని దొంగలని చెప్పి, వారి నుంచి దేశాన్ని కాపాడాలని రాజును హెచ్చరిస్తుంది.

ఇక్కడ భిక్షుక శబ్దం బౌద్ధ భిక్షువునే సూచిస్తుందని చెప్పడానికి లేదు. యాచించి బతికే అందరికీ అది వర్తిస్తుంది. కాని ఈ గ్రంథకర్తకు బౌద్ధులు తెలియనివారు కారు. దేవపితృకార్యాల్లో శాక్యులకు, ఆజీవకులకు భోజనం పెట్టినవారికి 100 పణాల జరిమానా విధించాలని మూడవ అధికరణంలో అతడే చెప్పాడు.

ఒకే అనుమానం, రెండు జీవితాలు

రాజ్యం వీరిద్దరినీ ఒకే గాటన ఎందుకు కట్టింది? రెండవ అధికరణం మొదటి అధ్యాయంలో కొంత సమాధానం దొరుకుతుంది. కొత్తగా జనపదాన్ని స్థాపించేటప్పుడు వానప్రస్థులు తప్ప ఇతర ప్రవ్రజితులను అక్కడ నిలవనీయరాదని ఒక సూత్రం అంటుంది. ఆ వెంటనే వచ్చేవి విహారశాలలు కట్టరాదని, నటులూ నర్తకులూ గాయకులూ జనుల పనికి విఘ్నం కలిగించరాదని చెప్పే సూత్రాలు. కారణం కూడా అక్కడే ఉంది. పల్లె జనం మనసు పొలం మీద నిలిస్తేనే ధాన్యం, వెట్టి, కోశం వృద్ధి పొందుతాయి. భిక్షువైనా ఆటగాడైనా పొలం దున్నడు. అతనికి పంట లేదు, ఇల్లు లేదు, పన్ను కట్టే చిరునామా లేదు. పైగా అతని మాట వినడానికి దున్నేవాడు నాగలి ఆపుతాడు.

రెండవ కారణం గూఢచర్యం. శత్రువు చేతిలో బందీగా ఉన్న రాజకుమారుని విడిపించే ఉపాయాల్లో నటనర్తకుల బృందాన్ని ముందుగా శత్రుకొలువులో ప్రవేశపెట్టి, ఏ వేళనైనా వచ్చిపోయే అలవాటు నెలకొల్పి, ఆ వేషంలో అతనిని దాటించడం ఒకటని ఏడవ అధికరణం బోధిస్తుంది. మొదటి అధికరణంలోని చారుల జాబితాలో ప్రవ్రజ్య విడిచిన ఉదాస్థితుడు, తాపసవేషధారి, భిక్షుకి ఉన్నారు. ఇతరుల రాజ్యంలో తాను వాడుకోదలచిన వేషాలనే తన రాజ్యంలో చూసి రాజు భయపడ్డాడు.

మనుస్మృతి ఈ అనుమానాన్ని మరింత కఠినం చేసింది. తొమ్మిదవ అధ్యాయంలో జూదరులను, కుశీలవులను, క్రూరులను, పాషండులను, కల్లు అమ్మేవారిని నగరం నుంచి వెంటనే వెళ్లగొట్టాలని ఉంది. ఎనిమిదవ అధ్యాయంలో సాక్షులుగా పనికిరానివారిలో కుశీలవునితో పాటు సంసారబంధాలు విడిచినవాడు కూడా చేరాడు. రెండో నిబంధన వెనుక సన్యాసి పట్ల గౌరవం ఉండవచ్చు. ఫలితం మాత్రం ఒకటే. స్థిరమైన ఇల్లు లేనివాని మాటకు న్యాయస్థానంలో చోటు లేదు.

రాజగృహంలో గీసుకున్న గీత

ఈ నేపథ్యంలో వినయపిటకాన్ని చదివితే ప్రదర్శనలపై నిషేధాలు కొత్త వెలుగులో కనిపిస్తాయి. చుల్లవగ్గం ఐదవ ఖంధకం ప్రకారం రాజగృహంలో ‘గిరగ్గసమజ్జ’ అనే కొండ ఉత్సవం జరుగుతుండగా ఛబ్బగ్గియ భిక్షువులు చూడడానికి వెళ్లారు. కామభోగులైన గృహస్థుల్లా శాక్యపుత్రులు ఆటపాటలకు రావడమేమిటని జనం ఈసడించుకున్నారు. ఆ మీదట నృత్యగీతవాద్యాలు చూడడానికి వెళ్లడం దుక్కటమని బుద్ధుడు నియమించాడు. భిక్షుణుల విషయంలో అదే చర్య మరింత బరువైన పాచిత్తియం. పాటలాగా స్వరం సాగదీసి ధర్మం వల్లించరాదన్న నియమానికి కూడా కారణం జనవాదమే. మనం పాడినట్టే వీళ్లూ పాడుతున్నారని ఉపాసకులు విమర్శించారు.

అదే ఖంధకంలోని పిండోల భారద్వాజుని వృత్తాంతం అన్నింటికన్నా స్పష్టమైనది. రాజగృహ శ్రేష్ఠి చందనపు పాత్రను వెదురుగడల మీద ఎత్తుగా కట్టించి, ఋద్ధిమంతుడైన శ్రమణుడెవరైనా దానిని తీసుకోవచ్చని ప్రకటించాడు. పిండోలుడు ఆకాశంలోకి లేచి, పాత్ర అందుకుని, నగరాన్ని మూడుసార్లు చుట్టివచ్చాడు. జనం కేకలు వేస్తూ అతని వెంట పడ్డారు. గడ, గడ చివర బహుమానం, కింద గుమికూడిన జనం, పైన విన్యాసం: ఇది ప్లవకుని ఆటకు కావలసిన సన్నివేశమే. బుద్ధుడు పిండోలుని తీవ్రంగా మందలించాడు. అల్పమైన కొయ్యపాత్ర కోసం ఋద్ధి ప్రదర్శించడాన్ని, తుచ్ఛమైన నాణెం కోసం దేహాన్ని చూపడంతో పోల్చాడు. పాత్రను పగలగొట్టించి పొడి చేయించాడు. గృహస్థుల ఎదుట ఋద్ధిని ప్రదర్శించరాదన్న నియమం ఇలా పుట్టింది.

ఈ కథల్లో నిషేధం ఆటగాని మీద కాదు, భిక్షువు మీద. ఇద్దరూ వీధిలో నిలిచేవారే, ఇద్దరూ జనం పెట్టినది తినేవారే. ఒకడు చూపించి పుచ్చుకుంటాడు, మరొకడు ఏమీ చూపించకుండా మౌనంగా పాత్ర పట్టుకుంటాడు. దూరం నుంచి చూసే నాగరికునికి ఈ తేడా కనిపించకపోవచ్చు. సంఘానికి మాత్రం అది జీవన్మరణ సమస్య. భిక్షాన్నం ప్రదర్శనకు ప్రతిఫలంగా మారిన రోజున దానం జీతమవుతుంది, భిక్షువు కుశీలవుడవుతాడు. ఏడవ శీలాన్ని కళాద్వేషంగా వ్యాఖ్యానించేవారు ఈ సామాజిక నేపథ్యాన్ని విస్మరిస్తున్నారు.

వర్షావాసాన్ని కూడా ఈ కోణంలో పరిశీలించవచ్చు. మహావగ్గం ప్రకారం దానికి కారణం జనుల ఫిర్యాదు. పక్షులైనా వానకాలంలో గూట్లో ఉంటాయి, ఈ శ్రమణులు మాత్రం పచ్చగడ్డినీ చిన్నప్రాణులనూ తొక్కుతూ తిరుగుతున్నారని వారన్నారు. సంఘానికి అది అహింసకు సంబంధించిన నియమం. కుశీలవులను వానకాలం ఒకచోట నిలపడంలో రాజ్యానికి ఉన్నది సేద్యం చింత కావచ్చు. ఒకటి మరొకదాని నుంచి పుట్టిందని చెప్పనవసరం లేదు. ఒకే వాన, ఒకే బురద దారి, ఒకే రకం సంచార జీవితం ఆ రెండు నియమాల వెనుకా ఉన్నాయి.

తెరచి ఉంచిన ద్వారం

సంఘం గీత గీసుకుంది, కాని తలుపు మూయలేదు. మహావగ్గంలో ప్రవ్రజ్యకు అనర్హులైనవారి పట్టిక ఉంది. కొన్ని రోగాలున్నవారు, రాజభటులు, పేరుమోసిన దొంగలు, ఋణగ్రస్తులు, దాసులు అందులో ఉన్నారు. నటుడు లేడు. మనువు సాక్షిగా ఒప్పుకోని వ్యక్తిని సంఘం సభ్యునిగా ఒప్పుకుంది.

సంయుత్తనికాయంలోని తాలపుట సుత్తం దీనికి ఉదాహరణ. నటుల నాయకుడైన తాలపుటుడు, జనాన్ని నవ్వించే నటుడు మరణానంతరం నవ్వుల దేవతల్లో పుడతాడన్నది నిజమేనా అని బుద్ధుని అడిగాడు. బుద్ధుడు రెండుసార్లు ఆ ప్రశ్న వద్దన్నాడు. మూడోసారీ అడిగాక, రాగద్వేషమోహాలను పెంచే వృత్తి దుర్గతికే దారి తీస్తుందని కఠినంగా చెప్పాడు. తాలపుటుడు ఏడ్చాడు. ఆ మాటకు కాదని, పూర్వాచార్యులు ఇంతకాలం తనను వంచించినందుకని వివరించాడు. తరువాత ప్రవ్రజించి అర్హంతుడయ్యాడు. థేరగాథలో అతని పేరిట ఉన్న గాథలు 50కి పైగానే. ఊళ్లూ రాజధానులూ తిరుగుతూ పెద్ద బృందంతో ప్రదర్శనలిచ్చిన వ్యక్తిగా అట్ఠకథ అతనిని పరిచయం చేస్తుంది.

సేదక సుత్తంలో బుద్ధుడు వెదురుగడ మీద ఆడే గురుశిష్యులను స్మృతి సాధనకు ఉపమానంగా తీసుకున్నాడు. నువ్వు నన్ను కాపాడు, నేను నిన్ను కాపాడతానని గురువు అన్నాడు. అలా కాదు, ఎవరి నిలకడను వారు చూసుకుంటేనే క్షేమంగా దిగుతామని శిష్యుడు మేదకథాలిక బదులిచ్చాడు. బుద్ధుడు శిష్యుని మాటనే సమర్థించాడు. తెలుగునాట డొమ్మరుల గడ ఆట చూసినవారికి ఈ ఉపమానం వివరించనక్కరలేదు. ధమ్మపదట్ఠకథలోని ఉగ్గసేనుని కథ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. రాజగృహానికి ఆటగాళ్లు వచ్చినప్పుడు వారిలో ఒక అమ్మాయిని ప్రేమించిన శ్రేష్ఠికుమారుడు తానూ ఆట నేర్చి బృందంతో దేశాలు తిరిగాడు. చివరకు గడ కొనన నిలిచి ఉండగానే బుద్ధుని బోధ విని అర్హత్త్వం పొందాడు.

దారి కష్టం జాతక కథకులకు తెలుసు. భేరివాద జాతకంలో ఒక డప్పరి కొడుకుతో కలిసి కాశీ ఉత్సవానికి పోయి డబ్బు సంపాదించాడు. తిరుగుదారిలో, దొంగలున్న అడవిలో, ప్రభువు ఊరేగింపు అనిపించేలా ఆగి ఆగి కొట్టమని తండ్రి చెప్పాడు. కొడుకు ఆపకుండా వాయించాడు. ఇది ఉత్త డప్పులవాళ్ల మోతేనని గ్రహించిన దొంగలు ఇద్దరినీ దోచుకున్నారు.

ఎర్రగుడి నుంచి విజయపురి దాకా

రాజ్యం వైపు నుంచి ఈ సమస్యకు మరొక జవాబు అశోకునిది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ లభించిన మొదటి శిలాశాసనంలో, సమాజాలు జరపరాదని, వాటిలో రాజు ఎంతో దోషం చూస్తున్నాడని ఉంది. ఆ వెంటనే, మంచివని రాజు భావించే సమాజాలు కొన్ని ఉన్నాయన్న సవరణ ఉంది. ఆ మంచి సమాజం ఎలాంటిదో నాలుగవ శిలాశాసనం సూచిస్తుంది. భేరీఘోష ధర్మఘోషగా మారిందని చెబుతూ, విమానాలు, ఏనుగులు, అగ్నిస్కంధాలు, ఇతర దివ్యరూపాలు జనానికి చూపించినట్టు అది పేర్కొంటుంది. వీధిలో కన్నులపండువ ఆగలేదు. దానిని ఎవరు నిర్వహించాలన్నది మారింది. ఆరు శతాబ్దాల తరువాత పాటలీపుత్రంలో ఫాహియాన్ చూసిన బుద్ధప్రతిమల రథోత్సవంలో గానవాద్యాలూ రాత్రంతా దీపాలూ ఉన్నాయి.

శాసనాలు, శిల్పాలు గ్రంథాల కఠినత్వాన్ని కొంత సడలిస్తాయి. మథురలో దధికర్ణ నాగాలయానికి శిలాఫలకం సమర్పించిన ఛాందక సోదరులు తాము మథుర శైలాలకుల, అంటే నటుల, కుమారులమని చెక్కించుకున్నారు. అదే నగరంలో నర్తకుడు ఫగుయశుని భార్య శివయశ జైన ఆయాగపటం దానం చేసింది. తమ వృత్తి పేరు దాచుకోవలసిన అవసరం వారికి కలగలేదు. భార్హుత్ స్తూప శిల్పాల్లో మనిషి మీద మనిషి నిలిచి గోపురం కట్టిన విన్యాసగాళ్లున్నారు. వినయం ప్రకారం భిక్షువు చూడడానికి వెళ్లకూడని ఆట, అతని స్తూపానికే అలంకారమైంది.

నాగార్జునకొండ లోయలో, ఇక్ష్వాకుల విజయపురిలో, నాలుగు వైపులా మెట్ల వరుసలతో బయల్పడిన దీర్ఘచతురస్రాకార రంగస్థలం ఈ చరిత్రలో మరో దశ. సాగర్ జలాల్లో లోయ మునగడంతో దానిని అనుపులో పునర్నిర్మించారు. ప్రేక్షకుడు ఎక్కడ కూర్చోవాలో, ఆట ఎక్కడ సాగాలో ఆ మెట్లే నిర్ణయించాయి. రాజధాని రంగస్థలానికి రాయి దొరికింది, కాబట్టి అది మిగిలింది. కూడలిలో ఆడిన ఆటకు పరచిన గుడ్డ తప్ప మరేమీ లేదు. పురావస్తు శాస్త్రం ఆ గుడ్డను తవ్వి తీయలేదు. అందుకే వీధి ప్రదర్శకుని చరిత్రకు చాలాచోట్ల మిగిలిన సాక్ష్యం అతనికి విధించిన జరిమానా మాత్రమే.

నేటికీ ముగియని వరుస

ఇద్దరినీ ఒకే గాటన కట్టే అలవాటు ప్రాచీన గ్రంథాలతో అంతరించలేదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం సంచార సమూహాలను పుట్టుకతోనే అనుమానితులను చేసింది. 1911 చట్టంతో ఆ పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీకి వ్యాపించి, డొమ్మరుల్లో కొన్ని వర్గాలను కూడా తాకింది. 1952లో చట్టం రద్దయినా ముద్ర పూర్తిగా చెరగలేదు. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం బహిరంగ స్థలంలో ఆడి, పాడి, జోస్యం చెప్పి, విన్యాసాలు చూపి డబ్బు పుచ్చుకోవడాన్ని యాచన నిర్వచనంలోనే చేర్చింది. దానిని ఢిల్లీకీ వర్తింపజేశారు. అక్కడ యాచనను నేరంగా చేసే నిబంధనలను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. కుశీలవులకు చెప్పినదే భిక్షుకులకు వర్తిస్తుందన్న పాత సూత్రాన్ని ఆ నిర్వచనం తిరగేసి రాసింది.

వారసత్వ పరిశోధకులకు దీనిలో ఒక బాధ్యత ఉంది. స్తూపఫలకం మీది గడ ఆటను కళాఖండంగా నమోదు చేసి, అదే ఆట ఆడే బృందం నేడు ఏ కూడలిలో ఆగనివ్వబడుతున్నదో నమోదు చేయకపోతే ఆ వారసత్వ వివరణ సగమే అవుతుంది. పిండపాతానికి వెళ్లే భిక్షువులకు కూడా ఈ చరిత్ర దూరమైనది కాదు. సంఘం ఆటగాని నుంచి తనను వేరు చేసుకున్నది అతడు నీచుడని కాదు, తనకు అతి దగ్గరివాడని. నగరద్వారం దగ్గర ముద్ర చూపమని అడిగినప్పుడు, సత్రంలో పేరు రాయించుకున్నప్పుడు, వాన మొదలై దారి మూసుకుపోయినప్పుడు ఇద్దరూ నిలిచినది ఒకే వరుసలో.